ఒరోసియా కొట్లో నా కొలతలు

కిందటి వారం మీరు నన్ను సరగోసాలో బస్సు మెట్ల మీద నిలబెట్టి వెళ్లిపోయారు. రెండు చేతుల్లో రెండు సంచులు, మెడలో మూడోది, ఏడు రోజులుగా అక్కడే నిలబడి ఉన్నాను. కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం ముందు జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. పాతవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

మా నాన్న వలేరో మా వల్దెపెరాల్‌కి పురమాయింపులవాడు. ఇరవై రెండేళ్లుగా ప్రతి గురువారం పొద్దున్నే బస్సెక్కి సరగోసా వెళ్లి, ఊళ్లో ఎవరికి ఏం కావాలో అన్నీ కొని, సాయంత్రం తెచ్చి గడపగడపకూ అందించేవాడు. సూదులు, కళ్లద్దాలు, విత్తనాలు, పెళ్లిబట్టలు, మందులు, అన్నీ ఆయన సంచుల్లోంచే మా ఊరికి వచ్చాయి. మూడు వారాల కిందట ఆయన కాలు విరిగింది. నేను వెళ్తానంటే ఊరంతా నవ్వింది. నవ్వడం అయ్యాక, సరే, ఒక్క గురువారం చూస్తామన్నారు. చెప్పినవన్నీ కొని నా చేతులతో నేనే తెచ్చి ఇవ్వాలి. అలా తేకపోతే ఆ పని బస్సు నడిపే బ్రౌలియో బావమరిదికి పోతుంది. మాకు పొలం లేదు, పుట్రా లేదు. ఆ పనే మా తిండి.

పదిహేడు పురమాయింపులు. అందులో పదహారు ఒక ఎత్తు, మిల్లువాళ్ల సిమోనా పెళ్లిగౌను గుండీలు ఒక ఎత్తు. గౌను గుడ్డలోంచే మిగిలిన చిన్న ముక్క నాకిచ్చింది. దాన్ని పద్నాలుగు గుండీల మీద తొడిగించి తేవాలి. పెళ్లి శనివారం.

ఇక నా జాకెట్టు లోపలి జేబులో ఒక కాగితం ఉంది. నాకు రెండేళ్లప్పుడు అమ్మ సరగోసా ఆసుపత్రిలో పోయింది. పోయేముందు నాకోసం రాసిపెట్టిందని నాన్న నా పన్నెండో ఏట ఆ కాగితం చేతిలో పెట్టాడు. అమ్మ ఫోటో లేదు, సమాధి ఎక్కడుందో తెలీదు, ఊళ్లో ఎవర్నడిగినా మాట మార్చేస్తారు. అమ్మ అంటే నాకు ఆ కాగితమే. ఎక్కడికెళ్లినా నాతోనే ఉంటుంది.

ఇప్పుడు బస్సు దిగుదాం.

మా నాన్నకు చదువు రాదు. వీధుల పేర్లు తెలీవు. ఆయన పట్నమంతా ముక్కుతో నేర్చుకున్నాడు. ముందు రోజు మంచం పక్కన కూర్చోబెట్టుకుని నాకు దారి చెప్పాడు.

"దిగాక గాలికి ఎదురు నడువు. కాఫీగింజలు వేయించే వాసన తగిలిందా, కుడికి తిరుగు. అక్కణ్ణుంచి తోలు వాసన వస్తుంది, అది లాంబెర్తో చెప్పుల కొట్టు. ఉప్పుచేప వాసన వస్తే సంత. మైనం వాసన వచ్చిందంటే పిలార్ మాత చర్చి దాకా పోయావన్నమాట, వెనక్కి రా."

"మరి గుండీల కొట్టుకి ఏ వాసన నాన్నా?"

ఆయన ముక్కు రుద్దుకున్నాడు. "ఒరోసియా కొట్టుకి వాసన లేదు. కొత్తగుడ్డ వాసన ఉంటుంది గానీ, అది లోపలికెళితే గానీ తెలీదు."

అన్నీ బాగానే ఉన్నాయి. ఆ రోజు సియెర్సో అనే ఈదురుగాలి లేస్తుందని మాత్రం ఇద్దరికీ తట్టలేదు. సరగోసాలో అక్టోబరు గాలి ఒకసారి లేచిందంటే టోపీ ఎవరిదో, తల ఎవరిదో తెలీదు. కాఫీ వాసనను ఆ గాలి ఊరంతా సమానంగా పంచిపెట్టింది. ఎటు తిరిగినా కుడికి తిరగమనే ముక్కు చెప్తోంది. అలా కుడికీ, మళ్లీ కుడికీ తిరిగి, బస్సు దిగిన చోటికే మూడుసార్లు వచ్చాను. మూడోసారి బ్రౌలియో బస్సు అద్దం తుడుస్తూ కనిపించాడు.

"ఏమే ఎంగ్రాసియా, అప్పుడే అన్నీ అయిపోయాయా?" అన్నాడు పళ్లికిలిస్తూ.

"అయిపోతాయి. నువ్వు ఆ అద్దం తుడవడం అయిపోయేలోపు అయిపోతాయి," అన్నాను. నోటికి దారి తెలుసు, కాళ్లకే తెలీదు.

సంత మాత్రం దొరికింది. ఉప్పుచేప వాసన ఏ గాలికీ లొంగదు. అక్కడ ఇంకో తప్పు చేశాను. మా ఊళ్లో ఉన్నది ఒకే కొట్టు, ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లకి ముందు ఇస్తారు. అదే ధైర్యంతో తిన్నగా బల్ల దగ్గరికెళ్లి, "రెండు కిలోల ఉప్పుచేప, మందంగా ఉన్న వైపు!" అని కేకేశాను. వెనకనుంచి ఎనిమిదిమంది ఆడవాళ్లు ఒక్కసారే విరుచుకుపడ్డారు.

"చివరెవరు అని అడగాలని తెలీదా?"

"ఎక్కణ్ణుంచి దిగింది ఈవిడ?"

"వల్దెపెరాల్ నుంచి దిగాను," అన్నాను. "మా ఊళ్లో చివరెవరూ ఉండరు, అందరూ ముందే."

ఒకావిడ ఫక్కున నవ్వింది. లావుపాటి మనిషి, చేతిలో కోడి. వరసంటే ఇక్కడ నిలబడి ఉండక్కర్లేదనీ, చివరెవరో కనుక్కుని నువ్వు వాళ్ల తర్వాతని గుర్తుపెట్టుకుంటే చాలనీ చెప్పింది. నా సంచులు చూసి, "నీ చోటు నేను చూస్తాలే, పోయి మిగతావి కొనుక్కురా," అంది. నేను బొర్రాహా ఆకుకూర విత్తనాలు, గడియారం స్ప్రింగు, జ్వరంతో ఉన్న పాపకి పిలార్ మాత దీవెన రిబ్బను, మా ఊరి పెద్దమనిషి ఒకాయన పొట్టకింద కట్టుకునే బెల్టు (ఆయన పేరు చెప్పనని ఒట్టేశాను) కొనుక్కుని గంటకి తిరిగొస్తే, ఆవిడ కోడితో సహా అక్కడే ఉంది. తన పని ఎప్పుడో అయిపోయింది. నా చోటు కోసం ఉండిపోయింది. పేరు కూడా అడగలేదు నేను. ఆవిడ చల్లగా ఉండాలి.

లాంబెర్తో చెప్పుల కొట్టు చూపించింది కూడా ఆవిడే. లాంబెర్తో బక్కపలచటి ముసలాయన. నేను లోపలికి వెళ్లినప్పుడు మేకులు నోట్లో పెట్టుకుని సోలు కొడుతున్నాడు. తలెత్తలేదు. నా కాళ్లకేసి చూశాడు.

"వలేరోకి ఏమైంది?" అన్నాడు మేకుల మధ్యనుంచి.

"కాలు విరిగింది. మీకెలా తెలుసు నేను ఆయన మనిషినని?"

"ఎడమపాదం కుడిదానికంటే వేలెడు వెడల్పు. చిటికెన వేలు లోపలికి తిరిగి ఉంటుంది. ఆ కాళ్లకి ఇరవై ఏళ్లుగా చెప్పులు కుడుతున్నాను, గుర్తుపట్టనా?"

లేచి, పాత అట్టపెట్టె ఒకటి దించాడు. నిండా కాగితాలు. నాన్న ఏటా నన్ను నేలమీద పరిచిన కాగితం మీద నిలబెట్టి, పాదాల చుట్టూ బొగ్గుతో గీసుకెళ్లేవాడు. చక్కిలిగిలి పుట్టి నేను నవ్వేదాన్ని. ఆ కాగితాలు ఒక్కటీ పారెయ్యలేదు లాంబెర్తో. అన్నిటికంటే కింద ఉన్నది నా అరచేతి కంటే చిన్నది. దాన్ని చూడగానే కళ్లు చెమర్చాయి. ఈ ఊళ్లో నేను ఎప్పుడూ అడుగు పెట్టలేదు, నా అడుగులు మాత్రం అన్నీ ఇక్కడే ఉన్నాయి.

"ఏడవకు, తోలు తడుస్తుంది," అన్నాడు లాంబెర్తో. "పాదాల సంగతి నాకు తెలుసు. మిగతాది ఒరోసియాకి తెలుసు. వెనక సందులో మూడో తలుపు. నేను పంపానని చెప్పు."

"మిగతాదంటే?"

"మిగతా నువ్వు," అన్నాడు మేకులు మళ్లీ నోట్లో పెట్టుకుంటూ. "పరిగెత్తు. ఒకటిన్నరకి మూసేస్తుంది. మళ్లీ నాలుగున్నర దాకా తెరవదు, పోప్ వచ్చినా తెరవదు."

నేను సందులోకి తిరిగేసరికి ఇనుప తలుపు సగం దిగింది. దాని కింద నల్లటి మేజోళ్లు వేసుకున్న రెండు కాళ్లు కనిపిస్తున్నాయి. సంచులతో సహా వంగి తలుపు కింద తల దూర్చాను.

"మూసేశాను!" అంది పైనుంచి ఒక గొంతు.

"పద్నాలుగు గుండీలు ఒరోసియా గారూ, గుడ్డ తొడగాలి, పెళ్లి ఎల్లుండి, నా బస్సు ఐదున్నరకి!"

"పెళ్లి ఎల్లుండైతే మొన్న రావాలి. తల తియ్యి, తెగుతుంది."

"లాంబెర్తో గారు పంపారు. నేను వలేరో కూతుర్ని."

తలుపు ఆగిపోయింది. తర్వాత ఆ నల్లమేజోళ్లు మెల్లగా మడతపడ్డాయి, తెల్లటి జుట్టూ, మెడలో వేలాడే కొలతటేపూ, ఒక ముసలిమొహమూ కిందికి వచ్చాయి. నా మొహంకేసి అలా చూస్తూనే ఉంది.

"లోపలికి రా తల్లీ," అంది. నేను వెళ్లాక తలుపు పూర్తిగా దించేసింది.

నాన్న చెప్పింది నిజమే. లోపల కొత్తగుడ్డ వాసన. నేల నుంచి కప్పు దాకా సొరుగులు, ఒక్కో సొరుగుకీ లోపల ఏ గుండీ ఉందో అదే బయట అంటించి ఉంది. ఆవిడ సిమోనా గుడ్డముక్క తీసుకుని వెలుతురులో పెట్టి చూసింది, వేలితో కొలిచింది. "పద్నాలుగుకి సరిగ్గా సరిపోతుంది. ఒక్క ముక్క తెగిందంటే పెళ్లికూతురు మెడ దగ్గర పిన్నీసు పెట్టుకోవాల్సిందే. ముందు తిను. ఆకలితో ఉన్నవాళ్లు పక్కనుంటే నా చెయ్యి వణుకుతుంది."

వెనకగదిలో పొయ్యి మీద బొర్రాహా కూర, బంగాళాదుంపలు ఉడుకుతున్నాయి. రెండు పళ్లేల్లో పెట్టి పైన ఆలివ్ నూనె పోసింది. నేను తింటుంటే ఆవిడ తినకుండా నన్నే చూస్తూ కూర్చుంది. ఎవరైనా అలా చూస్తే నాకు ముద్ద దిగదు. ఆ రోజు మాత్రం రెండోసారి పెట్టించుకున్నాను.

"నీలం నీకు నప్పుతుందని చెప్పాను మీ నాన్నకి," అంది ఉన్నట్టుండి. "ఆకుపచ్చ పట్టుకెళ్తానని పట్టుబట్టాడు. పదేళ్లప్పుడు."

నాకు గుర్తుంది. పదేళ్లప్పుడు నీలం గౌను. ఊళ్లో ఆడపిల్లలందరూ కుళ్లుకున్నారు. మా నాన్నకి ఇంత మంచి కన్ను ఎలా వచ్చిందా అని మా మేనత్త ఆశ్చర్యపోయింది.

"అది మీరు ఎంచినదా?"

ఒరోసియా లేచి అలమారా తెరిచింది. లోపల మేకులకి వరసగా తాళ్లు వేలాడుతున్నాయి, ప్రతి తాడుకీ ముడులు. నాకు ఆ ముడులు తెలుసు. అంకెలు రాని నాన్న ఏటా సెప్టెంబరు చివర్లో నన్ను తలుపుకి ఆనించి నిలబెట్టి, మొహం పక్కకి తిప్పుకుని తాడు పట్టుకునేవాడు, ముడులు నేనే వేసేదాన్ని. భుజానికి ఒకటి, నడుముకి ఒకటి, పొడుగుకి ఒకటి. ఆ తాడు ఎటు పోతుందో నేనెప్పుడూ అడగలేదు.

"ఇదిగో, ఇది చర్చిలో నీ మొదటి ప్రసాదం నాటి గౌనుకి. ఇది పదకొండేళ్లప్పుడు, ఒక్క ఏడాదిలో ఎంత సాగావో చూడు. ఇక్కడ్నుంచి ఛాతీకి వేరే ముడి వచ్చింది. ఆ ఏడు నేనే లోబట్టలు కట్టిచ్చాను. మీ నాన్న ఆ పొట్లాన్ని సంచి అడుగున, ఉల్లిపాయల కింద దాచిపెట్టుకుని వెళ్లాడు పాపం."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి ముక్కులోంచి వచ్చాయి. తల్లిలేని పిల్లనని ఊరంతా జాలిపడేది. జాలిపడాల్సిన పిల్లలా నేనెప్పుడూ కనపడలేదు, దానికి కారణం ఈవిడ. "మీకెలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు," అన్నాను.

"చెప్పక్కర్లేదు. నాకు పిల్లల్లేరు. తాళ్లున్నాయి," అంది. బల్ల దగ్గరికి వెళ్లి చిన్న చీటీ తీసుకుని పెన్సిలుతో రాసింది. "సిమోనా, వల్దెపెరాల్, పద్నాలుగు." చీటీని గుడ్డముక్కకి గుచ్చి నా ముందు పెట్టింది.

నేను చీటీ చూశాను. ప్రతి మాట చివరా అక్షరం తోక పైకి లేచి చిన్న సున్నా చుట్టింది. ఆ సున్నాలు నాకు కళ్లు మూసుకున్నా కనిపిస్తాయి. పన్నెండేళ్లుగా రోజూ చూస్తున్నాను.

జాకెట్టులోంచి కాగితం తీసి, మడతలు విప్పి, చీటీ పక్కన పెట్టాను.

ఒరోసియా కుర్చీలో కూలబడింది.

"ఇది మీరు రాశారు," అన్నాను.

"ఇంకా దాచుకున్నావా..."

"మీరు రాశారా లేదా?"

"రాశాను."

నేను ఏమన్నానో ఇప్పుడు రాయాలంటే సిగ్గేస్తోంది. కడుపునిండా అన్నం పెట్టిన మనిషిని, ఆ పళ్లెం ఇంకా కడగకముందే నానా మాటలూ అన్నాను. దొంగ అన్నాను. నాకు మా అమ్మ చెయ్యి తాకిన వస్తువు ఒక్కటే ఉందనుకున్నాను, అదీ లేకుండా చేశారన్నాను. "దీన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను! జ్వరమొస్తే నుదుటి మీద పెట్టుకున్నాను! గుండీల కొట్టు చీటీనా నేను ముద్దు పెట్టుకుంది?"

నేను అలిసిపోయి ఆగాక ఆవిడ మెల్లగా మొదలుపెట్టింది.

"మీ నాన్న ఆ బల్ల దగ్గర టోపీ నలుపుకుంటూ అరగంట నిలబడ్డాడు. కొట్లో ఆడవాళ్లందరూ పోయేదాకా. 'పిల్ల గదిలో తలుపేసుకుంది, రక్తం పోతోంది, చచ్చిపోతానని ఏడుస్తోంది, నాకేం చెప్పాలో తెలీట్లేదు' అన్నాడు. కావాల్సిన గుడ్డలన్నీ కట్టిచ్చాను. మీ మేనత్తతో చెప్పించమన్నాను. 'ఆవిడ పాపమనీ శాపమనీ భయపెడుతుంది' అన్నాడు. 'వాళ్లమ్మ చెప్పినట్టు నాలుగు మాటలు రాసివ్వండి, వాళ్లమ్మ మాటైతే నమ్ముతుంది' అన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మగాడు గుండీల కొట్లో ఏడవడం అంతకుముందు చూళ్లేదు, ఆ తర్వాతా చూళ్లేదు. నాకు తోచింది ఏదో రాశాను. తప్పైతే నన్ను తిట్టు. ఆయన్ని ఏమీ అనకు."

నా కోపం ఎక్కడ పోయిందో నాకే తెలీదు. మా నాన్న ఉల్లిపాయల కింద పొట్లం దాచుకుని బస్సులో కూర్చోవడం కళ్లముందు కనపడింది. ముక్కూ మొహం తెలియని ఈవిడ, నాలుగున్నరకి కొట్టు తెరిచేలోపు పెన్సిలు చెక్కుకుని నాకోసం ఆలోచించడం కనపడింది. అమ్మ రాయకపోతేనేం. నేను భయపడ్డ రోజున ఎవరో ఒకరు కూర్చుని రాశారు. వెళ్లి ఆవిడ చేతులు రెండూ పట్టుకున్నాను.

"క్షమించండి. ఈ కాగితం లేకపోతే నేనేమైపోయేదాన్నో," అన్నాను. "నాకు మొత్తం నోటికొచ్చు తెలుసా?"

"చెప్పు చూద్దాం," అంది కళ్లు తుడుచుకుని.

"ఎంగ్రాసియా, భయపడకు. ఇది జబ్బు కాదు, దెబ్బ కాదు, పాపం అసలే కాదు. గుడ్డలు చన్నీళ్లలో నానబెట్టు, వేణ్ణీళ్లలో వేస్తే మరక పోదు." ఒరోసియా పెదాలు కూడా నాతోపాటే కదులుతున్నాయి. "ఈ నాలుగు రోజుల్లో మయొనీజ్ కలిపితే గుడ్డుసొన విరిగిపోతుందంటారు, నమ్మకు. నేను ఎన్నోసార్లు కలిపాను, ఒక్కసారీ విరగలేదు. నీ ఎడమచెవి వెనక చిన్న పుట్టుమచ్చ ఉంది, నువ్వు చూసుకుని ఉండవు. నేను అక్కడే ముద్దు పెట్టుకునేదాన్ని..."

నేను ఆగిపోయాను. ఒరోసియా పెదాలు అంతకుముందే ఆగిపోయాయి.

నా చెవి వెనక పుట్టుమచ్చ ఉంది. ఆ కాగితం చదివాక రెండు అద్దాలు పెట్టుకుని వెతికితే కనపడింది. జుట్టు మొదట్లో, ఆవగింజంత. నాన్నకి చూపిస్తే ఆయన కూడా ఆశ్చర్యపోయాడు.

"ఇది మీకెవరు చెప్పారు?" అన్నాను.

"మీ నాన్నే..."

"నాన్నకి తెలీదు. నేను చూపించేదాకా తెలీదు."

"ఏదో ఊహించి రాశాను."

"ఎడమచెవి అని కూడానా?"

ఆవిడ లేచి గుండీల యంత్రం దగ్గరికి వెళ్లింది. సిమోనా గుడ్డలోంచి గుండ్రటి ముక్క కత్తిరించి, గుండీ మీద పరిచి, పిడి నొక్కింది. ఒకటి. ఇంకోటి. మూడోది. నాలుగో గుండీ దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది.

"గుడ్డలు మీకు ఒక గురువారం వచ్చాయి. కాగితం ఆ తర్వాతి గురువారం వచ్చింది. అవునా?"

అవును. ఎందుకలా అని నేనెప్పుడూ అనుకోలేదు.

"కాగితం తర్వాతి వారం ఇస్తానని చెప్పి పంపాను. నాకు నిజంగా ఏం రాయాలో తోచలేదు తల్లీ. మర్నాడు శుక్రవారం ఆవిడ వచ్చింది. విషయం చెప్పాను. నువ్వు ఇప్పుడు నిలబడ్డ చోటే నిలబడి, ఒక్కో మాటా చెప్పింది. చదువొచ్చు, రాయగలదు. ఆ రోజు చెయ్యి వణికి పెన్సిలు పట్టుకోలేకపోయింది. అందుకని నేను రాశాను. మయొనీజ్ మాట నాది కాదు. ఒక్క మాట కూడా నాది కాదు. మీ నాన్న నాతో అబద్ధం రాయించాననుకున్నాడు. అది అబద్ధం కాదని ఆయనకి ఈ రోజుకీ తెలీదు."

"ఎవరు?" అన్నాను. అడగకముందే తెలుసు నాకు. అయినా అడిగాను.

"విసితా," అంది ఒరోసియా. అది మా అమ్మ పేరు.

నాకు పన్నెండేళ్లప్పుడు అమ్మ పోయి పదేళ్లయింది. అలా అనే నాకు చెప్పారు.

ఆసుపత్రి, చావు, ఎక్కడో తెలీని సమాధి. ఊరివాళ్లు మాట మార్చెయ్యడం. "ఆవిడ బతికే ఉందా? ఎందుకెళ్లిపోయింది? ఎక్కడుంటుంది?"

"ఎందుకో నన్నడగకు. అది మీ నాన్నని అడగాలి, లేదా ఆవిణ్ణి అడగాలి. నేను గుడ్డ కొలుస్తాను, మనుషుల్ని కొలవను. ఎక్కడుంటుందో ఆవిడ చెప్పలేదు. మీ నాన్న గురువారం వస్తాడని ఆవిడకి తెలుసు, అందుకే శుక్రవారం వస్తుంది. పదింటికి. ఒక్క దారపురీలు కొంటుంది. ఎవరూ లేకుండా చూసి తాడు అడుగుతుంది. నీ తాడు. భుజం ముడి దగ్గర పట్టుకుని, పొడుగు ముడి నేలకి ఆనించి, పక్కన నిలబడి చూసుకుంటుంది. ఎంత ఎదిగావో అని."

నేను అలమారాలో వేలాడే తాళ్లకేసి చూశాను.

"ఎవరికీ చెప్పనని ఆవిడకి మాటిచ్చాను. పదహారేళ్లు నిలబెట్టుకున్నాను. ఈ ఏడు తాడు రాలేదు. వలేరో మూడు గురువారాలుగా రాలేదు. పోయిన శుక్రవారం ఆవిడ ఆ గడప దగ్గర్నుంచే అడిగింది, పిల్లకేమైనా అయిందా అని. నా దగ్గర జవాబు లేదు. ఆ మొహం చూసి ఇంటికెళ్లాక నేను అన్నం తినలేకపోయాను." కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "రేపు శుక్రవారం."

ఆవిడ మళ్లీ యంత్రం వైపు తిరిగింది. ఆవిడ పిడి నొక్కుతోంటే నేను గుండీలు ఒక్కొక్కటీ అందుకుని దారానికి గుచ్చాను. పద్నాలుగూ వచ్చాయి. ఒక్కటీ తెగలేదు. నాలుగున్నరకి ఆవిడ తలుపెత్తింది. వెలుతురుతో పాటు ముగ్గురు ఆడవాళ్లు "చివరెవరు?" అనుకుంటూ లోపలికొచ్చారు. ఆవిడ నా నుదుటి మీద ముద్దు పెట్టుకుని పంపించింది.

బస్సు దగ్గరికి ఐదుంపావుకే చేరాను. పదిహేడు పురమాయింపులూ ఉన్నాయి. ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను, ఏ లోటూ లేదు. ఎక్కి కూర్చుంటే చాలు, పని నాది. నాన్న మంచంలో పడుకుని బస్సు హారను కోసం వింటూ ఉంటాడు. నాలుగు మెతుకులు నిశ్చింతగా తినే రోజు మళ్లీ వస్తుంది. శుక్రవారాలు ముందు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఇంటికెళ్లి, నాన్నని అడిగి, తీరిగ్గా మళ్లీ రావచ్చు. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుంటూ ఒక కాలు మెట్టు మీద పెట్టాను.

రేపు కూడా ఆవిడ గడప దగ్గర్నుంచే అడుగుతుంది, పిల్లకేమైనా అయిందా అని.

"ఎక్కుతావా, నన్నెత్తుకోమంటావా?" అన్నాడు బ్రౌలియో.

మెడలో సంచి తీసి ఆయన సీటు పక్కన పెట్టాను. తర్వాత మిగతా రెండూ పెట్టాను. "గుండీలు సిమోనా చేతికే ఇవ్వు, వాళ్లమ్మకి ఇవ్వకు, పారేస్తుంది. రిబ్బను పాప మణికట్టుకి కట్టమను. గోధుమరంగు పొట్లం ఎవరిదో నేను చెప్పను. చీకటిపడ్డాక ఒకాయన వచ్చి దగ్గుతాడు, ఆయనకిచ్చెయ్యి."

బ్రౌలియో సంచులకేసీ నాకేసీ చూశాడు. "ఇవి నువ్వు తేకుండా నేను తెస్తే పని ఎవరిదవుతుందో తెలుసు కదా?"

"తెలుసు. మీ బావమరిదికి చెప్పు, ఉప్పుచేప దగ్గర చివరెవరని అడగమని. లేకపోతే కొడతారు."

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చెడ్డవాడేం కాదు బ్రౌలియో. ఇంజను ఆపాడు. "ఏమైందే నీకు? ఇంత కష్టపడి అన్నీ కొన్నావు. మీ నాన్న అడిగితే ఏం చెప్పమంటావు?"

నన్ను తలుపుకి ఆనించి తాడు పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకునే నాన్న గుర్తొచ్చాడు. ఆయనమీద కోపం కోసం వెతుక్కున్నాను. దొరకలేదు.

"అమ్మని చూడ్డానికి ఉండిపోయిందని చెప్పు."

బ్రౌలియో టోపీ తీసి సిలువ గుర్తు వేసుకున్నాడు. "పిచ్చిదానా, మీ అమ్మ ఎప్పుడో చచ్చిపోయింది కదే."

"ఆ సంగతి కూడా నాన్ననే అడుగు," అని కాలు కిందికి తీసేశాను.